సున్నాగారి కుక్క

ఆ బస్సు డిపోలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. హాజరు గదిలో గోడకు ఒక నల్లబల్ల ఉంది. దాని మీద డ్రైవర్లందరి నంబర్లు, ఒక్కో నంబరు ఎదురుగా ఆ డ్రైవరు ఖాతాలో పడిన ప్రమాదాల అంకె ఉంటాయి. ఇరవై రెండేళ్ళుగా అతని ఎదురుగా సున్నా తప్ప ఇంకేమీ పడలేదు. మొదట్లో ఎవరో వేళాకోళానికి 'సున్నాగారూ' అన్నారు, అదే ఖాయమైపోయింది. పైకి విసుక్కునేవాడు గానీ లోపల మురిసిపోయేవాడు. సుద్ద వెలిసినప్పుడల్లా ఆ సున్నాను మళ్ళీ గుండ్రంగా దిద్దుకునేది కూడా ఆయనగారే.

ఆ గదిలో ఒక పద్ధతి కూడా ఉంది. బస్సుకు చిన్న గీత పడినా సరే, మర్నాడు పొద్దున్న మొదటి బస్సు కదలకముందు ఆ డ్రైవరు అందరి ముందూ నిలబడి మూడు మాటలు చెప్పాలి. ఏం చూశాను, ఏం చూడలేదు, ఏం చేసుండాల్సింది. అంతే. శిక్ష లేదు, తిట్లు లేవు. ఈ పద్ధతి పట్టుబట్టి పెట్టించినవాడు సున్నాగారే. ఎవరైనా ఆవు అడ్డొచ్చిందనో, వాన పడిందనో మొదలుపెడితే కుర్చీలోంచి లేవకుండానే, "ఆవు సంగతి ఆవునడుగుతాం గానీ, నీ సంగతి చెప్పు," అనేవాడు. చెప్పేవాడి చెవులు ఎర్రబడేవి, మిగతావాళ్ళు మీసాలచాటున నవ్వుకునేవాళ్ళు.

అలాంటి మనిషి యాభయ్యో ఏట కొత్త మోటార్‌సైకిల్ కొన్నాడు. భార్య పనిచేసే పుస్తకాల బైండింగు షాపు ఊరికి అటు చివర ఉంది, రెండు బస్సులు మారాలి. ఇన్నేళ్ళలో తన బస్సులో ఆమె ఎన్నోసార్లు ఎక్కింది. కానీ ఎక్కినప్పుడల్లా తన తల వెనక 'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న రేకు వేలాడుతూ ఉండేది. ఊళ్ళోవాళ్ళ పెళ్ళాలందర్నీ మోశాను, నా పెళ్ళాన్ని నేనుగా ఎక్కడికైనా తీసుకెళ్ళానా అని అతనికి ఒకరోజు బాగా అనిపించింది. అంతే, కొనేశాడు.

వయసులో ఉన్నప్పుడు తీసుకున్న బండి లైసెన్సు ఉంది. తర్వాత పాతికేళ్ళు ఆ జోలికి పోలేదు. షాపువాడు మర్యాదగానే, "ఒక పూట మా గ్రౌండులో నడిపి చూసుకోండి సార్," అన్నాడు. "నాకా?" అన్నాడు సున్నాగారు. ఆ 'నాకా'తో షాపువాడు నోరు మూసుకున్నాడు. ఇచ్చిన హెల్మెట్ ఒకటే. రెండోది కావాలా అంటే, తర్వాత చూద్దాంలే అన్నాడు.

మూడో రోజు ఆదివారం. పొద్దున్నే భార్యను వెనక కూర్చోబెట్టుకుని బయలుదేరాడు. మందుల షాపు పక్కన ఎడమకు సందు ఉంది. బస్సును అలాంటి మలుపులోకి తిప్పాలంటే ముందు కుడికి జరగాలి, లేకపోతే వెనక చక్రం గట్టెక్కుతుంది. ఇరవై రెండేళ్ళు చేతులకు పట్టిన అలవాటది. చేతులు అడక్కుండానే బండిని కుడికి లాగాయి. వెనకనుంచి వస్తున్న వ్యాను హారన్ కొట్టింది. ఉలిక్కిపడి, హ్యాండిల్ ఎడమకు తిరిగి ఉండగానే ముందు బ్రేకు గట్టిగా నొక్కాడు. బండి టక్కున ఆగింది. అతనూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. బస్సు ఆగితే డ్రైవరు కాలు కింద పెట్టడు కదా. రెండు కాళ్ళూ పైనే ఉంచి, వీపు నిటారుగా పెట్టి, పెద్దమనిషి తరహాలో మెల్లగా పక్కకు ఒరిగి, బండితో సహా పడిపోయాడు.

అతనికి మోచెయ్యి గీరుకుంది. భార్య కుడిచేతి మణికట్టు దగ్గర ఎముక సన్నగా బీటవారింది. తల నేలకు జానెడు దూరంలో ఆగింది. జనం పోగయ్యారు. ఎవరో బండి లేపారు, ఎవరో నీళ్ళిచ్చారు. "ఏమైందండీ?" అని ఎవరో అడిగారు.

"కుక్క," అన్నాడు సున్నాగారు. "కుక్క అడ్డొచ్చింది."

భార్య రోడ్డు మీద కూర్చుని, దెబ్బతగిలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని అతనికేసి చూసింది.

చేతికి ఆరు వారాలు కట్టు అన్నారు. బైండింగు షాపులో ఆమె చేసేది దారంతో కాగితాలు కుట్టే పని. ఆ చెయ్యి లేకపోతే కుట్టు లేదు. యజమాని మంచివాడు కాబట్టి ఎడమచేత్తో కాగితాలు సర్దే పనిచ్చాడు. ఆమె మళ్ళీ రెండు బస్సులు మారి వెళ్ళడం మొదలుపెట్టింది. ఇంట్లో అంట్లు తోమడం, కూరలు తరగడం, ఆమెకు జడ వెయ్యడం అతని వంతుకొచ్చాయి. జడ మొదటివారం తాడులా ఉండేది, రెండోవారానికి కాస్త జడలా కనిపించింది. అన్నీ అడిగి చేయించుకుంది, అన్నిటికీ నవ్వింది. బండి మాట వచ్చినప్పుడు మాత్రం నవ్వు ఆగిపోయేది.

కొత్త బండి హ్యాండిల్ చివర, కాలి ఊత దగ్గర పడిన గీతలు చూసి డిపోలో అందరూ అడిగారు. కుక్క కథ చెప్పాడు. ఒకసారి చెప్పాక ఇక తప్పదు కదా. మొదటిరోజు అది చిన్న కుక్క. బుధవారానికి దాని వెనకాల ఒక కుక్కపిల్ల కూడా వచ్చి చేరింది. వారం తిరిగేసరికి దూడంత అయింది. పాపం సున్నాగారు, మూగజీవాన్ని తప్పించబోయి తనే పడ్డాడని జాలిపడ్డారు. మెకానిక్ అయితే, "ఇంకెవరైనా అయితే గుద్దేసేవాళ్ళు," అని మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలు గొంతులో వెలక్కాయలా అడ్డం పడింది.

నమ్మనిది ఒక్క కండక్టరమ్మాయే. అతని బస్సులోనే ఆరేళ్ళుగా కండక్టరు. ఎనిమిదేళ్ళుగా డిపోకి మోటార్‌సైకిల్ మీదే వస్తుంది. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, వంగి గీతలు చూసింది.

"అన్నా, గీతలన్నీ ఒక్క పక్కే ఉన్నాయి. ఈడ్చుకుపోయిన గీత ఒక్కటీ లేదు. ఇది ఆగిన బండి పడిన తీరు."

"కుక్క వచ్చిందని ఆపాను కదమ్మా."

"ఆపితే కాలెందుకు పెట్టలేదు?"

సున్నాగారు టిక్కెట్ల పెట్టెకేసి చూశాడు, ఆకాశంకేసి చూశాడు. ఆఖరికి గొంతు తగ్గించి, "నువ్వు నాకు బండి నేర్పుతావా?" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి పన్నెండు రోజులు పట్టింది. కానీ అన్నాక మాత్రం వెనక్కి తగ్గలేదు. భార్య మళ్ళీ తన వెనక కూర్చోవాలి. అదొక్కటే అతనికి కావలసింది.

మధ్యాహ్నం విరామంలో డిపో వెనక ఖాళీ స్థలంలో పాఠం మొదలైంది. కండక్టరమ్మాయి విజిల్ పట్టుకుని మధ్యలో నిలబడింది. ఒక్క ఊదుకు ఆగాలి, రెండు ఊదులకు కదలాలి. ఈ భాష అతనికి బాగా వచ్చు.

"హ్యాండిల్ తిన్నగా చేశాకే ఆపండి. రెండు బ్రేకులూ కలిపి, మెత్తగా. కాలు కిందికి. ఊఁ, కాలు. కాలన్నా."

మొదటివారం అంతా కాలే. ఆగడం, కాలు పెట్టడం. కదలడం, ఆగడం, కాలు పెట్టడం. రోజుకు నలభైసార్లు. కిటికీల్లోంచి మిగతా డ్రైవర్లు చూసి నవ్వుతుంటే సిగ్గుతో వీపు మండేది. అయినా మర్నాడు తిండి కూడా సరిగ్గా తినకుండా అందరికంటే ముందు అక్కడుండేవాడు. రెండోవారం మలుపులు. కుడికి లాగకుండా ఎడమకు తిరగడం అతనికి కుడిచేత్తో కాకుండా ఎడమచేత్తో రాసినంత కష్టమైంది. "మీ వెనక ముప్ఫై అడుగుల బస్సు లేదన్నా, ఉన్నది వదినే," అని ఆమె అరిచేది. తిరగబోయేముందు అద్దం చూడటం, భుజం మీదుగా తల తిప్పి చూడటం, వెళ్ళాల్సిన చోటికే కళ్ళు పెట్టడం, ఒక్కొక్కటే ఒంటికి పట్టించుకున్నాడు.

మూడోవారం వెనక సీటు మీద ఇసుక మూట కట్టింది.

"వదిన బరువెంతుంటుంది?"

"ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న అడిగే ధైర్యం రాలేదమ్మా."

అందాజుగా నింపారు. మొదటి మలుపులోనే ఇసుక మూటతో సహా పడ్డాడు. కండక్టరమ్మాయి దగ్గరికి రాలేదు. "మీరే లేపండి. వీపు సీటుకి ఆనించి, మోకాళ్ళ మీద బలం పెట్టి," అంది. లేపాడు. ఈసారి మోచెయ్యి చూసుకోలేదు, ముందు మూట చూసుకున్నాడు. అది పగిలి ఇసుక కారుతోంది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత మళ్ళీ నింపి, కట్టి, సాయంత్రం షిఫ్టు వేళదాకా తిరిగాడు. ఆ తర్వాత ఆ మూట మళ్ళీ పడలేదు.

ఆరు వారాలు నిండాయి. భార్య చేతి కట్టు తీశారు. ఆ సాయంత్రమే ఆమె కొలతకు సరిపోయే కొత్త హెల్మెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"రేపు పొద్దున్న నేను దిగబెడతాను. ఒట్టు, ఇప్పుడు బాగా వచ్చింది. కావాలంటే కండక్టరమ్మాయిని అడుగు."

ఆమె హెల్మెట్ తీసి చూసింది, పట్టీ బిగించి చూసింది, మళ్ళీ బల్ల మీదే పెట్టింది. "నేను బస్సులో వెళ్తాను."

"భయమా?"

"పడితే మళ్ళీ లేవొచ్చండీ, దానికి భయం లేదు. నేను మీ వెనకే కూర్చున్నాను. మీ భుజం మీదుగా రోడ్డంతా కనిపించింది. కుక్క లేదు."

సున్నాగారు బల్ల మీది హెల్మెట్ పట్టీని సర్దసాగాడు.

"ఊరందరూ కుక్క కుక్క అంటుంటే నేను కాదనలేదు, మీ పరువు నాది కాదా. కానీ తప్పు కుక్కదైతే మీరు మార్చుకోవాల్సింది ఏముంటుంది? రేపు ఇంకేదో అయితే ఇంకో కుక్క వస్తుంది. అలాంటి మనిషి వెనక నేనెలా కూర్చోను?"

కోపంగా అనలేదు. అందుకే అతనికి బాగా తగిలింది. బీటవారిన ఎముక తన అబద్ధం కింద ఆరు వారాలు నోరు మూసుకుని ఉందని అప్పుడు తెలిసింది. సిగ్గుతో ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. అంట్లు తోమడానికి లేచాడు. ఆమె చెయ్యి బాగుపడింది కదా అన్నా వినలేదు.

మర్నాడు పొద్దున్న హాజరు గది నిండా మనుషులున్నారు. ముందురోజు ఒక డ్రైవరు బస్సు అద్దం దీపస్తంభానికి రాసుకుంది. వాడు లేచి, తల గోక్కుని, "అదీ, ఒక పిల్లి అడ్డంగా..." అని మొదలుపెట్టాడు. అందరూ సున్నాగారికేసి చూశారు. ఆయన మామూలు మాట అనాలి కదా మరి.

సున్నాగారు లేచి నిలబడ్డాడు. ఆ గదిలో మూడు మాటలు చెప్పడానికి ఆయన నిలబడటం ఎవరూ చూడలేదు.

"నువ్వు కూర్చో. ముందు నాది," అన్నాడు. "ఏం చూశాను? ఖాళీ రోడ్డు చూశాను. ఏం చూడలేదు? అద్దం చూడలేదు, వెనకొచ్చే వ్యాను చూడలేదు. ఏం చేసుండాల్సింది? బండి నేర్చుకుని ఎక్కాల్సింది. రెండో హెల్మెట్ కొనాల్సింది. హ్యాండిల్ తిన్నగా చేసి ఆపాల్సింది, కాలు కింద పెట్టాల్సింది."

మెకానిక్ మెల్లగా, "మరి కుక్క?" అన్నాడు.

"లేదు. నేనే పుట్టించాను, నేనే పెంచాను."

ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత గదంతా నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా నిలబడ్డాడు. తర్వాత నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, ఇన్నేళ్ళుగా దిద్దుకున్న సున్నాను అరచేత్తో తుడిచి, ఒకటి వేశాడు.

డిపో మేనేజరు అడ్డొచ్చాడు. "అదేమిటండీ, అది డ్యూటీలో జరిగింది కాదు కదా. సొంత బండి. లెక్కలోకి రాదు."

"నా వెనక ఒక ప్రయాణికురాలుంది సార్," అన్నాడు.

మేనేజరు పక్కకు తప్పుకున్నాడు. పిల్లి డ్రైవరు లేచి, పిల్లి లేకుండా మూడు మాటలూ చెప్పాడు.

ఆ సాయంత్రం అతను ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలో నిలబడి ఉంది. తలకు హెల్మెట్ ఉంది, పట్టీ గడ్డం కింద బిగించి ఉంది. కండక్టరమ్మాయి ఫోన్ చేసి చెప్పిందట.

"ఒకటిగారూ," అంది. "ఎక్కడికైనా తీసుకెళ్తారా?"

ఆమె ఎక్కేదాకా బండిని రెండు కాళ్ళతో అదిమిపట్టి ఉంచాడు. కూర్చున్నావా అని రెండుసార్లు అడిగాడు. ఆమె వెనక కడ్డీని గట్టిగా పట్టుకుంది. మెల్లగా వెళ్ళారు. మందుల షాపు వచ్చింది. అతని చేతులు కుడికి లాగాలని చూశాయి. లాగనివ్వలేదు. అద్దం చూశాడు, తల తిప్పి చూశాడు. సందు మొదట్లో హ్యాండిల్ తిన్నగా ఉంచి, రెండు బ్రేకులూ మెత్తగా వేసి ఆపాడు. కాలు కింద పెట్టాడు.

ఆమె అతని భుజం మీదుగా ముందుకు వంగి రోడ్డు చూసింది.

"ఏమైనా ఉందా?" అన్నాడు.

"ఏమీ లేదు."

"ఆ రోజూ ఏమీ లేదు."

"ఊఁ," అంది. కడ్డీ వదిలేసి, కుట్టు కుట్టే ఆ కుడిచేతిని అతని భుజం మీద వేసి, "పదండి," అంది.