చీల కొట్టని బెజ్జాలు

భద్రమ్మ పొద్దున్నే దుకాణం ముందు సాన్పు చల్లి, రంపానికి ఆకురాయితో పదును పెట్టి పనికి కూర్చుంటుంది. మొగుడు పెద్దులు పోయినప్పటి నుంచి వడ్లపని ఆమే చేస్తున్నది. తిరుమలగిరిలో ఏ కట్టెకు బర్మా పెట్టి బెజ్జం వేసినా, ఆ కట్టె ఎప్పుడో విన్న మాట అందులోంచి బయటికొస్తుంది. పాత తలుపైతే ఏ అత్తో కోడల్ని తిట్టిన తిట్లు వినబడతాయి. గిరాకీలు నవ్వుకుంటారు. బెజ్జంలో కట్టె చీల కొట్టగానే గొంతు ఆగిపోతుంది, తలుపు మోసుకొని పోతారు.

ఆ రోజు త్రివేణి తువ్వాలలో చుట్టి తుపాకి తెచ్చింది. పోయిన వానకాలం ఆమె మొగుడు అమరేందర్ మక్కచేనులో, మసకచీకట్లో, దానితోనే పెద్దులును కాల్చాడు. అడవిపంది అనుకున్నానని ఏడ్చాడు. ఊరు నమ్మింది, పోలీసులూ నమ్మారు. వాళ్లిద్దరి చేన్ల మధ్య గెట్టు పంచాయితీ సంగతి ఎవరూ ఎత్తలేదు. తుపాకి మళ్లీ ఇంటికొచ్చింది.

"వెనక పలక ఊడిపోతాందక్కా. స్క్రూలు ఊకె తిరుగుతున్నయి," అన్నది త్రివేణి తల ఎత్తకుండా. "ఆయన తీగ చుట్టి నడుపుతాండు. బాగు చేయిద్దామంటె మీదికొస్తడు. చెప్పకుంట తెచ్చిన."

భద్రమ్మ ఎందుకని అడగలేదు. తుపాకి కట్టె మడమకు చుట్టిన తీగ విప్పి, ఇనుప పలక తీసి చూసింది.

"బెజ్జాలు అరిగినయి. పెద్దగ చేసి, టేకు చీల దిగగొట్టి, మళ్ల సన్నగ బెజ్జం వెయ్యాలె. కూసో."

బర్మా మొదటి బెజ్జంలో దిగింది. పొట్టు రాలింది. దాని వెనకే పెద్దులు గొంతు వచ్చింది.

"అన్నా, నేను... పెద్దులును. జర తుపాకి దించు."

భద్రమ్మ బర్మా బయటికి లాగింది. త్రివేణి పక్కనున్న రెండో బెజ్జం మీద వేలు పెట్టింది.

"ఇంకోటున్నదక్కా."

రెండో బెజ్జంలో అమరేందర్ ఉన్నాడు. కోపం లేదు, తొందర లేదు. నిదానంగా ఒక్క మాటన్నాడు.

"ఎరుకే."

అలవాటు కొద్దీ భద్రమ్మ చీలకు జిగురు పూసింది. త్రివేణి ఆమె మణికట్టు పట్టుకుంది.

"కొట్టకక్కా. గిట్లనే ఇయ్యి. ఠాణకు తీస్కపోత."

"నీ సంసారమో?"

"పిల్లలకు ఏం చెప్పాల్నో పోయే తొవ్వల ఆలోచిస్త."

ఆ సాయంత్రమే పోలీసులు అమరేందర్‌ను చేన్లోంచి పట్టుకుపోయారు.

కోర్టులో జడ్జి రెండు బెజ్జాలకూ చెవి పెట్టి విన్నాడు. తర్వాత భద్రమ్మను బోనులోకి పిలిచి, గొంతు గుర్తుపట్టమన్నారు. ఆమె చల్లటి కట్టెకు చెంప ఆనించింది.

"మా ఆయనదే," అన్నది.

బంట్రోతు తుపాకి తీసుకోబోతే వదల్లేదు.

"ఇంకొక్కసారి వింట సారూ."

జడ్జి తలూపాడు. భద్రమ్మ కళ్లు మూసుకుంది. పెద్దులు ఆమెను పేరు పెట్టి పిలవలేదు. తుపాకి దించమని మళ్లీ బతిమాలాడు.