మడిగదిలో దరువు

పంజరం కింద కాగితం మార్చడం ఉమాశ్రీ పనుల్లోకి ఎప్పుడు చేరిందో ఇంట్లో ఎవరూ గమనించలేదు. అత్తగారు సీతారామలక్ష్మి పోయి మూడు నెలలు. ఆవిడ బంగారం ఆడపడుచుకి వెళ్లింది, ఆవిడ పెంచిన కాకటీల్ జాతి చిలుక బేబీ కోడలికి మిగిలింది. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పే మనిషి కదా, పక్షి సంగతి ఆమే చూసుకోవాలన్నారు. కాలేజీలో ఐదు పీరియడ్లు చెప్పి వచ్చాక ఇంట్లో ఇది ఆరోది.

"సాయంత్రం పక్షుల కొట్టు గణేష్‌బాబు వచ్చి బేబీని పట్టుకుపోతాడు," అన్నాడు భర్త శశిభూషణ్, ఫోన్లోంచి తలెత్తకుండా. "ఆ గది గడియ వేస్తే చాలు, ఊగడం మొదలెడుతుంది. అమ్మ వచ్చి ఆడిస్తున్నట్టుంటుంది. నాకు ఒళ్లు జలదరిస్తోంది."

ఆ గదంటే వంటింటి వెనకున్న మడిగది. అత్తగారు రోజూ మధ్యాహ్నం మూడింటికి అందులోకి వెళ్లి గడియ వేసుకునేవారు. "మడి కట్టుకున్నాను, ఎవరూ రాకండి" అనేవారు. ఆ గంటసేపూ మామగారు కూడా తలుపు తట్టేవారు కాదు. పారాయణ చేసుకుంటున్నారని అందరి నమ్మకం. పంజరం ఆ గదిలోనే ఉండేది.

ఆ ఆదివారం మూడింటికి, చివరిసారి కొర్రలు వేద్దామని ఉమాశ్రీ లోపలికి వెళ్లింది. పిల్లి దూరుతుందని గడియ వేసింది. ఇనుప గడియ టక్కుమనగానే బేబీ తినడం ఆపేసింది. తలెత్తి చూసింది. ఉమాశ్రీని కాదు, ఆమె పక్కనున్న ఖాళీ చోటుని, సరిగ్గా ఒక మనిషి ముఖం ఉండే ఎత్తుని. అప్పుడు కాళ్లు ఎత్తడం మొదలుపెట్టింది. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఆగింది. ఎదుటివాళ్ల వంతు అయ్యేదాకా ఎదురుచూసినట్టు చూసి, మళ్లీ మొదలుపెట్టింది.

విన్న శబ్దాన్ని గొంతుతో అనుకరించే జీవాలకు చెవికీ కాలికీ ముడి గట్టిగా ఉంటుందని, అందుకే కోతికి సులువుగా అందని తాళం చిలుక జాతికి అందుతుందని కాలేజీ పిల్లలకు ఉమాశ్రీయే చెప్పింది. తోడు ఆడేవాళ్లుంటే పక్షి మరింత ఆడుతుందని కూడా చెప్పింది. మరి ఇక్కడ తోడు ఎవరు? కిందికి చూసింది. పంజరం ఎదుట ఎర్ర గచ్చు రెండు పాదాలంత మేర అరిగి నున్నగా మెరుస్తోంది.

ఇంకోటి కూడా కనిపించింది. నాలుగో దెబ్బకి పక్షి ఎడమకాలు రవ్వంత ఆలస్యంగా పడుతోంది. ప్రతిసారీ అంతే.

ఆ తప్పు ఉమాశ్రీది. "నీ ఎడమకాలు ఎప్పుడూ బద్ధకిస్తుందమ్మా" అని కూచిపూడి మాస్టారు తిట్టి తిట్టి వదిలేసిన తప్పు. పెళ్లయిన కొత్తలో బట్టలారేసి మేడ మీద ఒక్కతే అడుగులు వేసుకుంటుంటే, అత్తగారు ఎండుమిరపకాయల బుట్ట పట్టుకుని మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డారు. ఆపైన "అమ్మాయ్, మన ఇళ్లల్లో ఇవి పనికిరావు" అన్నారు. గజ్జెలు పాత చీరలో మూటకట్టిన రోజు అదే. బేబీ ఇంటికి వచ్చింది రెండేళ్ల తర్వాత. ఈ పక్షి ముందు ఉమాశ్రీ ఒక్క అడుగూ వేయలేదు.

నా అడుగు నా దగ్గర్నుంచి లాక్కుని, గడియ వేసుకుని, ఇన్నేళ్లూ దాచుకున్నావా అత్తయ్యా? కోపం ముంచుకొచ్చింది. ఆ ముసలి మడమలు ఎంత కాలం రాసుకుంటే గచ్చు ఇంతలా అరుగుతుందో అనుకోగానే ఏడుపొచ్చింది.

తలుపు చప్పుడైంది. "ఉమా, టీ పెట్టలేదేంటి?"

"మడి కట్టుకున్నాను, రాకండి." ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది, అచ్చం అత్తగారి గొంతుతోనే. ఉమాశ్రీ పళ్లు బిగించి దాన్ని మింగేసింది.

గడియ తీసి తలుపులు రెండూ బార్లా తెరిచింది. బేబీ ఆగిపోయింది.

"గణేష్‌బాబుని రావద్దనండి. టీ పొడి పై అరలో ఉంది."

శశిభూషణ్ గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఉమాశ్రీ చీర కుచ్చిళ్లు ఎగదోపి, అరిగిన గచ్చు మీద తన పాదాలు ఆనించింది. కుడి, ఎడమ, కుడి. ఎడమకాలు రవ్వంత ఆలస్యంగా పడింది.

తెరిచిన తలుపుల మధ్య, బేబీ ఈసారి ఆమె ముఖంలోకి చూస్తూ కాలెత్తింది.