కిడ్నీ మీద టోపీ

ఊరందరికీ కొలతలు తీసే టైలరు మాస్టారి నడుము ఏడాదిలో మూడుసార్లు పెరిగింది. కాజాలు కుట్టే ఆయన భార్య, ఆయనకున్న ఒకే ఒక్క మంచి చొక్కా కుట్లు విప్పి, లోపల వదిలిన గుడ్డ మూడుసార్లూ బయటికి తీసింది. "నా వంట ఒంటబట్టింది, ఏమనుకున్నారు!" అని మురిసిపోయింది కూడా.

ఆ మురిపెం ఎన్నాళ్ళో నిలవలేదు. మొహం గుండ్రంగా ఉబ్బి, కాళ్ళు పుల్లలై, బీపీ దిగనంటే స్కాను తీశారు. ఎడమ అడ్రినల్ గ్రంథిలో క్యాన్సర్.

"ఈ గ్రంథి కిడ్నీ మీద టోపీలా కూర్చుంటుంది. అందులో గడ్డ లేచి, హార్మోన్లు ఎక్కువై మీ ఒళ్ళు పెరిగింది," అంది డాక్టరమ్మ.

"అమ్మ దొంగా! నాకే టోపీ పెట్టిందా?" అన్నారు మాస్టారు.

డాక్టరమ్మ నవ్వింది. భార్య నవ్వలేదు. ఇన్నాళ్ళూ తను మురిసింది రోగాన్ని చూసా అనుకుంది.

వేరేచోటికి పాకలేదు కాబట్టి ఆపరేషనే మొదటి దారి అంది డాక్టరమ్మ. గడ్డ చిట్లకుండా, చుట్టూ కొంత మంచి భాగంతో సహా తీస్తారట. తిరగబెట్టకుండా తర్వాత మైటోటేన్ మాత్రలు, వాటివల్ల ఒంట్లో తగ్గే హార్మోనుకు ఇంకో మాత్ర. గడ్డ తీయడానికి వీల్లేనివాళ్ళకైతే కీమో.

"కత్తి వద్దు. మాత్రలతో సరిపెట్టండి," అన్నారు మాస్టారు. నలభై ఏళ్ళు కత్తెర పట్టిన మనిషికి కత్తంటే అంత భయమా, చోద్యం కాకపోతే!

ఇంటికొచ్చినా అదే పాట. భార్య కుట్టుబల్ల మీద ఆ చొక్కా పరిచింది.

"చివికిన గుడ్డ మీద మాసిక వేస్తే ఏమవుతుంది మాస్టారూ?"

"నిలవదు. మంచి గుడ్డ తగిలేదాకా కత్తిరించాలి," అని అలవాటుగా అనేసి నాలుక కరుచుకున్నారాయన.

"నేర్పింది మీరే. ఇక ఈ చొక్కాలో బయటికి తీయడానికి గుడ్డ లేదండీ. నాకు మీరు కావాలి," అని ఆమె బావురుమంది.

మర్నాడు పొద్దున్నే మాస్టారు ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టారు.

ఆపరేషన్ అయ్యాక, కోసి తీసినదాని అంచుల్లో క్యాన్సర్ ఆనవాలు లేదన్నారు. మాత్రలు మొదలయ్యాయి. వాటి వికారంతో తిండి సయించక నాలుగు నెలలకు చొక్కా ఒంటిమీద వేలాడింది. ఆమె కుట్టు లోపలికి వేస్తుంటే, మిగులు గుడ్డ తెగ్గొయ్యమని మాస్టారు కత్తెర అందించారు.

"ఉండనివ్వండి," అంది ఆమె, దారం కొరుకుతూ. "ఈసారి ఆ పొట్ట నా వంటతోనే పెరగాలి."