తాత పటంలో బొట్టుబిళ్లలు

పెళ్లికి వచ్చిన కానుకల్లో నాకు పదిహేడు పాకెట్ల బొట్టుబిళ్లలు ఉన్నాయి. అన్నీ ఎప్పటికి పెట్టుకుంటానా అనుకున్నాను కానీ, వాటిలో నలభై మూడు బిళ్లలు మా వైకుంఠం తాత పటానికే పట్టాయి. తాత పోయి ఎనిమిదేళ్లయింది. నేను ఆయన్ను చూడనే లేదు.

నా పుట్టిల్లు హుస్సేనీ ఆలం. నాన్నది పప్పుల హోల్‌సేల్ దుకాణం. మా ఇంట్లో మందు వాసన ఎరుగం. రెండు నెలల కింద ఛత్రినాకకు కోడలిగా వచ్చాక తెలిసింది, ఈ ఇంట్లో భాద్రపద అమావాస్య పెత్రమాసకు చనిపోయిన పెద్దలకు విస్తరి వేసి, పక్కన వాళ్లకిష్టమైన మందు కూడా పెడతారని. ఎంత చక్కని మర్యాద అనిపించింది.

అయితే గొడవ కూడా ఆ మందు దగ్గరే. మా మామయ్య మొగులయ్య తన తండ్రి వైకుంఠం తాతకు బీరు పెడతాడు. ఆయన అక్క చంద్రమ్మత్త మాత్రం బాపు కల్లు తప్ప ఏదీ ముట్టలేదంటుంది. నిరుడు మాటా మాటా పెరిగి ఆమె విస్తరి ముందు నుంచి లేచి పురానాపూల్‌లోని తన ఇంటికి వెళ్లిపోయిందట. ఈసారి రానని కబురు పంపింది. అది విన్న రోజు నుంచి మామయ్య కంచంలో అన్నం సగం మిగులుతోంది.

ఆఫీసులో నా పని మ్యాపులు, చార్టులు గీయడమే. తాత ఏం తాగేవాడో గీసి చూస్తే తేలుతుంది కదా అన్నాను. మా ఆయన నిఖిలేష్ పడీ పడీ నవ్వి, మరుక్షణం స్కూటర్ తీశాడు. వారం రోజులు సాయంత్రాలు తాతను ఎరిగిన వాళ్లందరి ఇళ్లకూ తిరిగాం. ఆయన్ను ఎప్పుడు, ఎక్కడ, ఏం తాగుతుంటే చూశారని అడగడమే. తాత దోస్తు ప్రేమ్‌రాజ్ ఒక్కడే తొమ్మిది సంగతులు చెప్పాడు, అందులో రెండు మళ్లీ చెప్పలేనివి.

పెద్ద కాగితం మీద పన్నెండు నెలల చక్రం గీశాను. పక్కన మా గల్లీల మ్యాపు, అందులో చోట్లకు పెన్ను గుర్తులు. ఒక్కో జ్ఞాపకానికి ఒక్కో బొట్టుబిళ్ల: బీరుకు ఎర్రది, కల్లుకు పచ్చది.

"బొట్టుబిళ్లలు సీసాలకు పెడ్తరా బిడ్డా" అని మా అత్తమ్మ సక్కుబాయి దగ్గరికొచ్చి, తను చూసిన మూడింటికి తనే అంటించింది.

ఎర్రవి చక్రమంతా పరుచుకున్నాయి. పచ్చవి మూడే గుంపులు: హోలీ, బోనాలు, బతుకమ్మ. మ్యాపులో అవన్నీ మా వాకిట్లోనే ఉన్నాయి. పండుగలకు కల్లు తాగేవాడేమో అనుకుంటే, ఉగాదికీ దీపావళికీ ఎర్రవే.

పెత్రమాస ముందు రోజు కాగితం చుట్టుకుని చంద్రమ్మత్త ఇంటికి వెళ్లాం.

"మా తమ్ముడు పంపిండా?" అంది గుమ్మంలోనే.

ఆయనకు తెలియదన్నాను. మంచం మీద కాగితం పరిచి ఒక్కో నెలా వేలితో చూపించాను. ఎర్రవి చూసి మొహం తిప్పుకుంది. పచ్చ గుంపుల దగ్గర మాత్రం తనే వంగింది. హోలీ, బోనాలు, బతుకమ్మ అని చెబుతుంటే వేలు పెట్టి తడిమింది.

"బాపు ఉండంగ గీ మూడు పండుగలకే నేను తల్లిగారింటికి పోతుంటి" అంది. వేలు తీయకుండానే, "సిన్నప్పటి సంది నాకు కల్లంటే పానం. నాకు పోసి తను పోస్కుంటుండె" అంది.

చాయ్ ఇచ్చింది. రేపు వస్తానని మాత్రం అనలేదు.

మర్నాడు విస్తరి వేశాం. మామయ్య నేను పోసిన బీరు గ్లాసు ఎత్తి లోపలికి తొంగి చూశాడు.

"పొంగు ఏది? సీసా మూత ఎప్పుడు తీసినవ్ బిడ్డా?"

"పొద్దున ఆరింటికి మామయ్యా. తయారుగా ఉంటుందని."

అక్క కబురు విన్నాక ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వు ఆగకముందే బయట ఆటో ఆగింది. చంద్రమ్మత్త కల్లు లొట్టితో దిగింది. మామయ్య గ్లాసుతోనే లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన చేతిలోని బీరు గ్లాసు తీసుకుని తనే విస్తరి పక్కన పెట్టింది.

"బాపుకు బీరే ఉండనీ తమ్మీ. కల్లు నాకు తెచ్చుకున్న."

అందరం మొక్కి తినడానికి కూర్చున్నాక, రెండు గ్లాసుల్లో పోసి ఒకటి తమ్ముడి వైపు జరిపింది. మామయ్య ఎప్పుడూ కల్లు ముట్టడని అత్తమ్మ నా చెవిలో చెప్పింది. ఆయన ఒక గుటక మింగి, కళ్లు గట్టిగా మూసి, మూతి ఒక పక్కకు వంకర తిప్పాడు.

చంద్రమ్మత్త ఆ మొహాన్నే చూస్తూ ఉండిపోయింది.

"బాపు గూడ గట్లనే మొకం పెడ్తుండె" అంది మెల్లగా. "నన్ను నవ్విస్తున్నడు అనుకున్న."