దారి పూడ్చిన యంత్రం

"మా అమ్మమ్మను లోపలేసి తలుపు మూశారు! నువ్వూ, నీ మిషనూ, దాన్ని తయారుచేసిన ఆ దిక్కుమాలినోళ్లూ!"

వెర్లిండా వెండి బిళ్ళను హార్లన్ బల్ల మీద విసిరికొట్టింది. అమెరికాలోని గ్యాలప్ ఊళ్లో లేజర్ కోత దుకాణం అతనిది. వరసకు బావ. తండ్రి వంశం పిల్లలతో ఎకసెక్కాలాడడం నవహో తెగవాళ్లకు పుట్టుకతో వచ్చిన హక్కు. అందుకే అతను ముందు నవ్వాడు.

"మీ అమ్మమ్మ బయట ట్రక్కులో కూచుని పిన్యోన్ గింజలు కొరుకుతోంది కదే. ఆవిణ్ణి ఎవరు మూశారు?"

"కళ్లు పెట్టుకుని అంచు చూడు బావా."

చూశాడు. నవ్వు ఆగిపోయింది.

నవహో ఆడవాళ్లు రగ్గుకు అంచు కట్టి నేసినప్పుడు ఒక మూల లోపలి రంగు పోగును అంచు దాటించి బయటికి తీస్తారు. నేసిన మనిషి తలపులు రగ్గులో చిక్కుపడిపోకుండా అది దారి. అమ్మమ్మ బెర్నిటా తన రగ్గు నమూనాను ఈ వెండి బిళ్ళల వడ్డాణానికి ఇచ్చింది ఆ ఒక్క షరతు మీదే. వెర్లిండా కంప్యూటర్లో ప్రతి బిళ్ళ అంచుకూ వెంట్రుకంత సందు వదిలి గీసింది. కోసే సాఫ్ట్‌వేర్‌కు ఆ సందు తప్పుగా కనబడింది. ఎవరినీ అడగలేదు, అతికేసింది. ఒక్క బిళ్ళకూ దారి లేదు.

తెల్లారితే షిప్‌రాక్ తిరునాళ్లలో ఆ వడ్డాణం పెట్టుకుని ఒక పిల్ల జనం ముందు నడవాలి. తిరునాళ్లు పోతే పోయాయి. ఇది చూసిందంటే, తన తలపులు లోపల చిక్కుకున్నాయని అమ్మమ్మ మళ్లీ మగ్గం ముందు కూచోదు. వెర్లిండా భయమంతా అదే.

"ఫైలు బాగుచేశాం అని తెర మీద వచ్చింది. సరే అని నొక్కాను" అన్నాడు హార్లన్ నేల చూపులు చూస్తూ.

"మీ అమ్మా నేసిన మనిషే కదా! ఎలా నొక్కావు? నీ వేలికి బుద్ధి లేదూ?"

"బుద్ధి నాకే లేదు, వేలికెక్కణ్ణించి వస్తుంది?"

తలుపు తోసుకుని బెర్నిటా వచ్చింది. బిళ్ళ అందుకుంది. బొటనవేలితో అంచంతా తడిమింది.

"దారేదే?"

"మిషను పూడ్చేసింది అమ్మమ్మా."

"ఈ ఊళ్లో వెండి కోసే రంపం లేదా?"

"అంతా అయిపోయాక కోస్తే పనికొస్తుందా?"

"ఎక్కడయిపోయిందీ? ఇంకా ఎవరి నడుముకూ ఎక్కందే! కొయ్యి. నేను చచ్చినట్టు ఆ మొహమేమిటి, నాకు తలనొప్పైనా రాలేదు." హార్లన్ వైపు తిరిగింది. "నీ మిషను కంటే నా మేకలు నయంరా మనవడా. దొడ్డి మూసేస్తే అవి అరుస్తాయి."

సన్న రంపంతో వెర్లిండా మొదటి అంచు కోసింది. బెర్నిటా ఆ సందును వెలుతురుకు పెట్టి చూసి "ఊఁ" అంది. అంతే. వెర్లిండా భుజాలు దిగాయి, ముక్కు చీదుకుంది, నవ్వొచ్చింది, మిగతావి కోస్తూ పోయింది. చివరి బిళ్ళ కూడా తోలు పట్టీకి ఎక్కించాక ముసలావిడ వడ్డాణం తన నడుముకే చుట్టుకుని అద్దం ఎక్కడని కసిరింది.

వెర్లిండా రంపం దించింది.

"ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకు ఫోను కలుపు బావా."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

అవతల ఎవరో నమస్కారం పూర్తిచేసేలోపే అందుకుంది.

"వినండి. మా అంచులు మీరు బాగుచెయ్యకండి. ఆ ఏర్పాటు ఇవాళే తీసెయ్యండి. తెరిచి ఉన్న గీత కనబడితే గీసిన మనిషిని అడగండి. జవాబొచ్చేదాకా ఒక్క బిళ్ళ కొయ్యకూడదు. మీ పైవాణ్ణి పిలవండి, నేను లైన్లోనే ఉంటాను."