తడి వేలి గీత

కందిపప్పులో రాళ్ళు ఏరుతూనే పటంలోని తప్పు చూశాను. భోజనాల బల్ల మీద మావారు గురునాథరావుగారు పరిచిన పటం అది. ఆయన భిలాయి ఉక్కు కర్మాగారంలో ఇంజనీరుగా పదవీ విరమణ చేశాక మేము దగ్గర్లోని కుమ్హారిలో స్థిరపడ్డాం. నది ఒడ్డునున్న ఒక పల్లెకు వరద ప్రణాళిక తయారుచేసే పని అక్కడి పంచాయతీ ఆయనకు అప్పగించింది. నది పొంగితే ఊరంతా బడికి చేరాలని ఎర్ర బాణం గీశారు. ఆ బాణం వాగును దాటుతోంది. విశాఖలో భూగోళశాస్త్రం ఎం.ఏ. చదివినదాన్ని, పటంలో ఎత్తుపల్లాలు చూపే గీతలు చదవగలను. నది నిండితే వాగు నీరు అందులో కలవలేక వెనక్కి తన్నుకొస్తుంది, దారి తెగుతుంది, బడి మాత్రం అవతల ఖాళీగా, పొడిగా నిలబడుతుంది. చూశాను. చూసి, మళ్ళీ పప్పు ఏరుకున్నాను.

ఆ మౌనం ఒక్కరోజులో పుట్టింది కాదు. పెళ్ళైన ఏడాది ఆయన స్నేహితుల ముందు వర్షాల గురించి ఏదో అన్నాను. "మా ఆవిడ చారులో కూడా అక్షాంశాలు వేస్తాది," అన్నారాయన. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. "మొగోళ్ళ మాటల్లో నీకేటి పని? టీ పట్రా," అన్నారు అత్తగారు. నలభై ఎనిమిదేళ్ళు టీ పట్టుకొచ్చాను. మర్యాద అనుకున్న మౌనం అలవాటైంది. ఆ అలవాటు చివరికి ఒక పల్లె ప్రాణాల మీదికి వచ్చింది.

అంట్లు తోమి వచ్చిన సుఖ్‌బతి బల్ల దగ్గర ఆగింది. ఆమెది ఆ పల్లే. తెలుగిళ్ళలో పనిచేస్తూ మన భాష నేర్చుకుంది.

"అమ్మాజీ, ఇందులో స్కూల్ ఏది?"

చూపించాను.

"మా ఇల్లు?"

అదీ చూపించాను. రెంటి మధ్యా, వాగు ఉన్నచోట, తడి వేలితో అడ్డంగా గీసింది. "ఇక్కడ నాలా ఉంది కదా బాబూజీ. ముందు ఇదే వస్తది. పిల్లల్నెత్తుకొని ఎలా దాటాల?"

"కాగితం పాడుచేసీసావు," అన్నారు మావారు. "మీటింగు పెడితే ఒక్క ఆడమనిషీ రాలేదు. ఇప్పుడొచ్చి చెప్తాది."

"పొద్దున పది గంటలకి పెట్టినారు. మరి నాట్లు ఎవరేస్తారు, మీరేస్తారా?"

కాగితం మీద ఆ గీత ఇంకా ఆరలేదు. "ఆమె చెప్పింది నిజం," అన్నాను. "ఆడవాళ్ళు పొలం నుంచి వచ్చాక ఇంకోసారి కూర్చోవాలి. నేను వెళ్తాను."

"నువ్వెళ్ళి ఏటి చేస్తావు?"

"వింటాను."

మర్నాటి సాయంత్రం పల్లెలో బోరింగు దగ్గర ఇరవైమంది ఆడవాళ్ళు చేరారు. పటం నేల మీద పరిచి నాలుగు మూలలా చెంబులు పెట్టాం. వరదొస్తే ఎక్కడికి వెళ్ళాలని అడిగితే ఒక ముసలామె నవ్వింది. "వానొస్తే మేకలు ఎక్కడికి పోతాయి? అక్కడికే," అంది. పాత రైసుమిల్లు అరుగు మీదికట. పటంలో వెతికాను: వాగుకు ఇవతలే, ఊరంతటిలోకీ ఎత్తైన చోటు.

అప్పుడు వాళ్ళతో చెప్పాను, ఈ తప్పు నేను ముందే చూసి ఊరుకున్నానని. చెప్పకపోతే కొత్త ప్రణాళిక కూడా ఆ పాత మౌనం మీదే నిలబడేది. సుఖ్‌బతి పటం మీదికి వంగింది.

"ఇప్పుడు చెప్పినారు కదా. పెన్సిల్ తియ్యండి అమ్మాజీ. వాన మనకోసం ఆగదు."

నాకు పని చెప్పినవాళ్ళు ఇన్నేళ్ళలో ఎందరో. నా చదువుకు పని చెప్పింది ఆమె ఒక్కతే. పెన్సిల్ తీశాను.