మూడువందలవ కుర్చీ

“రేపొద్దున్నుంచి షాపులో సూరన్న కూసుంటాడు. నువ్వు ఎనకాల గోడౌను సూసుకో,” అన్నాడు మా ఆయన గవర్రాజు, మధ్యాహ్నం నేను చారు వడ్డిస్తుంటే. సూరన్న నా మరిది. అన్న పక్కనే కూర్చుని తలెత్తకుండా అప్పడం విరిచాడు.

సీతమ్మధారలో షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే షాపు మాది. అందులో గల్లాపెట్టె ముందు ఒకే కుర్చీ, మా ఆయనది. నడుం నొప్పితో ఆయన ఇంటిపట్టున ఉన్న ఈ రెండేళ్ళూ అది ఖాళీగానే ఉంది. నేను నిలబడే బేరాలాడాను. “ఆడది కుర్సీలో కూసుంటే బేరం సాగదే,” అని మా అత్త ఎప్పుడో అన్నది. నేను నిలబడి చేసిన బేరాలతోనే ఇంట్లో అందరూ కూర్చుని తిన్నారు. ఆ ముక్క ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రం బీచిరోడ్డు క్లబ్బు పచ్చికలో జాజ్ పండుగ. మూడువందల మడత కుర్చీలు మావే. అవి తిరిగి బండెక్కేదాకా సప్లై మనిషి అక్కడే ఉండాలి. ఇలా గుంజకానుకుని నేను నిలబడ్డ సాయంత్రాలు పదహారేళ్ళలో వెయ్యి దాటి ఉంటాయి.

ఎండ దిగి సముద్రపు గాలి మొదలయ్యాక కలకత్తా వాళ్ళు ఐదుగురు వేదికెక్కారు. మొదట నాకది లారీలోంచి వంటపాత్రలు దించుతున్న చప్పుడులా వినిపించింది. కాసేపటికి ఒక సంగతి పట్టుకున్నాను. వంకర బూర ఆయన తనకు తోచినట్టు ఊదుతుంటే మిగతావాళ్ళు ఆపలేదు, తగ్గారు. తర్వాత డ్రమ్ముల ఆయన వంతు. చివరికి వెనకాల మనిషంత ఫిడేలు పట్టుకుని ఇంతసేపూ అందరినీ మోసిన ముసలాయన వంతూ వచ్చింది. ఆయన ముందుకు రాలేదు. ఉన్నచోటే వాయించాడు. మిగతా నలుగురే చేతులు దించి ఆయనవైపు తిరిగారు.

చివరి వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది. వెళ్ళి కూర్చున్నాను.

క్లబ్బు గుమస్తా జగ్గయ్య వచ్చాడు. “ఏటమ్మా, సప్లై వోలు కూసుంటే ఎలాగ? టిక్కెట్టున్నోలకి కదా.”

“టిక్కెట్టు మీది, కుర్సీ నాది బాబూ. టిక్కెట్టాయనొస్తే లెగుస్తాను.”

ఎవరూ రాలేదు. వెనక కడ్డీ సరిగ్గా నడుంలో పొడుస్తోంది. ఇన్నేళ్ళు ఊరందరినీ దీనిమీద కూర్చోబెట్టాను, కూర్చున్న మగవాళ్ళు ఒక్కరూ చెప్పలేదు. అయినా ఎంత హాయిగా ఉందో. అరికాళ్ళ నొప్పంతా గడ్డిలోకి దిగిపోతోంది. ఆఖరి పాట దాకా లేవలేదు.

కుర్చీలు మడిచి బండెక్కించాక మా బండి తోలే అప్పలసూరి కంగారుపడ్డాడు. “రెండొందల తొంబైతొమ్మిదే ఉన్నాయమ్మా.”

“ఇంకోటి నా సేతిలో ఉంది. దీన్ని షాపుకాడ దించు.”

పొద్దున్న సూరన్న ఇస్త్రీ చొక్కాతో వచ్చేసరికి మా ఆయన కుర్చీ బేరానికొచ్చేవాళ్ళవైపు ఉంది. గల్లాపెట్టె ముందు నా మడత కుర్చీలో, నడుం దగ్గర గోనెపట్టా పెట్టుకుని నేనున్నాను.

“ఇదేటి వొదినా, అన్న సెప్పనేదా?”

“సెప్పాడు. గోడౌన్లో రెండొందల తొంబైతొమ్మిది కుర్సీలున్నాయి. కడ్డీలు నడుంలో దిగుతన్నాయి. అన్నిట్లోనూ కూసుని సూసి, ఏవి ఒంచాలో సెప్పు సూరన్నా. నీకు కుర్సీలకేటి తక్కువ?”

వీధివైపు చూశాడు. నావైపు చూశాడు. చివరికి గోడౌను తాళంచెవి కోసం చెయ్యి చాపాడు.

లేవకుండానే అందించాను.